ఉప్పుకి లొంగని రిసెప్టర్

స్టిరాయిడ్ హార్మోన్ ఎలా పనిచేస్తుందని అడిగితే మన డిగ్రీ పిల్లలు కళ్లు మూసుకుని గీసేసే బొమ్మ ఒకటుంది. హార్మోన్ కణం పొర దాటి లోపలికొస్తుంది. కేంద్రకం చుట్టూ ఉండే సైటోప్లాజంలో, హార్మోన్‌ని పట్టుకునే రిసెప్టర్ అనే ప్రోటీన్ కాసుక్కూర్చుని ఉంటుంది. రెండూ జతకట్టి కేంద్రకంలోకి దూరి డీఎన్‌ఏ మీద కూర్చుంటాయి. పక్కనో బాణం, బాణం చివర ఎంఆర్ఎన్‌ఏ (జన్యువు నకలు), అయిదు మార్కులు. శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి చుట్టుపక్కల జిరాక్సు షాపుల్లో ఏ నోట్సు తిరగేసినా ఇదే బొమ్మ. విజయనగరం వెళ్లినా బొమ్మ మారదు, చేతిరాత మారుతుంది.

ఆ బొమ్మలో నాకు పేచీ ఒక్క మాటతోనే: “కూర్చుంటాయి”. దేని మీద కూర్చుంది? ఎంతసేపు కూర్చుంది? కూర్చుందని ఎలా తెలిసింది? మూడో ప్రశ్నకి చాలా ఏళ్లపాటు ఉన్న జవాబు ఇదీ: ఉప్పునీళ్లతో కడిగాం, పోలేదు, కాబట్టి అతుక్కుందన్నాం. అతుక్కోవడంలో సగం రిసెప్టర్ గుణం, సగం మన కడుగుడు గుణం. ఆ రెండో సగాన్ని పాఠంలోంచి ఎగరగొట్టేశాం. నా గొడవంతా దాని గురించే.

ఉప్పంటే ఎంత ఉప్పు? ఈ రంగంలో రెండు అంకెలు పదే పదే వినబడతాయి. ఒకటి 0.4 మోలార్ పొటాషియం క్లోరైడ్, అంటే 100 మిల్లీలీటర్లకి 2.98 గ్రాములు. రెండోది 2 మోలార్ సోడియం క్లోరైడ్, 100 మిల్లీలీటర్లకి 11.7 గ్రాములు. సముద్రపు నీళ్లలో లవణాలన్నీ కలిపి లీటరుకి సుమారు 35 గ్రాములు. మొదటిది ఆ లెక్కకి కాస్త తక్కువ. రెండోది నౌపడ మడుల్లో సముద్రపు నీరు ఎండకి మూడింతలు పైన చిక్కబడి, ఇంకా గింజ కట్టని దశ. ఉప్పునీటి చిక్కదనం కొలిచే బోమే మీటరు ముంచితే పది డిగ్రీల దగ్గర నిలుస్తుంది, గింజ కట్టాలంటే పాతిక దాకా పోవాలి. కణం లోపల ఉప్పదనం మాత్రం దాదాపు 0.15 మోలార్. ఆ వాతావరణంలో బతికే కేంద్రకాన్ని పదమూడు రెట్ల ఉప్పులో ముంచి, కరగకుండా మిగిలినదాన్ని చూపించి, “లోపలి నిర్మాణం ఇదీ” అన్నారు. తప్పని అనను, సాహసమని అంటాను.

మొదట్నుంచీ వద్దాం. 1950ల చివర్లో షికాగోలో ఎల్‌వుడ్ జెన్సెన్, ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) తగిలించిన ఎస్ట్రడయోల్ అనే ఈస్ట్రోజన్ హార్మోన్‌ని ఈడు రాని ఆడ ఎలుకలకి ఇచ్చి చూశారు. గర్భాశయం దాన్ని గంటల తరబడి వదల్లేదు, మిగతా కండరాలూ రక్తమూ త్వరగా వదిలేశాయి. 1966లో టాఫ్ట్, గోర్‌స్కీ ఆ పట్టుకున్న ప్రోటీన్‌ని సుక్రోజ్ గ్రేడియంట్‌లో (పైనుంచి కిందికి చిక్కబడే చక్కెర ద్రావణంలో) తేల్చి చూపారు. 1968 నాటికి రెండు మెట్ల సిద్ధాంతం నిలబడింది: హార్మోన్ లేనప్పుడు రిసెప్టర్ సైటోప్లాజంలో, హార్మోన్ వచ్చాక కేంద్రకంలో. మన జిరాక్సు బొమ్మకి ముత్తాత అదే.

దానికి ఆధారం చాలా తేలిక. హార్మోన్ ఇవ్వని ఎలుక గర్భాశయాన్ని బఫర్‌లో రుబ్బి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే రిసెప్టర్ పైతేటలో దొరికింది. హార్మోన్ ఇచ్చినదైతే అడుగున గడ్డలో, అంటే కేంద్రకాలతోపాటు, దొరికింది. పైతేటకి “సైటోసోల్” అని పేరు పెట్టుకున్నాం కాబట్టి అందులో దొరికినదంతా సైటోప్లాజంలోదే అనుకున్నాం. పేరు మనం పెట్టి, ఆ పేరునే సాక్ష్యానికి పిలిచాం.

జరిగింది వేరు. గ్రాము కణజాలాన్ని పది మిల్లీలీటర్లలో రుబ్బితే లోపలి సరుకంతా ఒక్కసారిగా పలచబడుతుంది. హార్మోన్ లేని ఈస్ట్రోజన్ రిసెప్టర్ కేంద్రకంలోనే ఉంటుంది గానీ పట్టు వదులు. పలచబడగానే ఊడి, పొరలోని రంధ్రాల్లోంచీ చిరుగుల్లోంచీ బయటికి జారిపోతుంది. 1984లో నేచర్ పత్రిక ఒకే సంచికలో, వరస పేజీల్లో, రెండు పేపర్లు వచ్చాయి. కింగ్, గ్రీన్ రిసెప్టర్‌నే గుర్తుపట్టి అంటుకునే మోనోక్లోనల్ యాంటీబాడీలతో రంగు వేసి చూస్తే హార్మోన్ ఉన్నా లేకున్నా కేంద్రకమే రంగెక్కింది. వెల్షాన్స్, లీబర్‌మన్, గోర్‌స్కీ అసలు రుబ్బడమే మానేశారు. కణాన్ని సడలించే సైటోకలాసిన్-బి అనే మందు వేసి కణాల్ని తిప్పితే కేంద్రకం ముంజ కాయలోంచి ముంజ జారినట్టు బయటికొస్తుంది. అలా వేరుచేస్తే ఖాళీ రిసెప్టర్ ఎక్కువ భాగం కేంద్రకం వైపే ఉంది. ఆ పేపర్లో గోర్‌స్కీ పేరు గమనించారా? పదహారేళ్ల కిందట రెండు మెట్ల సిద్ధాంతం కట్టినవాళ్లలో ఆయనొకరు. తాను కట్టిన మేడ తానే పడగొట్టుకునే గుండె అందరికీ ఉండదు.

కార్టిసాల్ లాంటి హార్మోన్లని పట్టుకునే గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్ విషయంలో మాత్రం పాత బొమ్మ చాలావరకు నిజం. అది హెచ్‌ఎస్‌పీ90 తదితర తోడు ప్రోటీన్ల చేతుల్లో సైటోప్లాజంలోనే ఉండి, డెక్సామెథసోన్ అనే కృత్రిమ స్టిరాయిడ్ వేసిన పది నిమిషాల నుంచి అరగంటలో కేంద్రకం చేరుతుంది. ప్రొజెస్టరోన్ రిసెప్టర్ ఎక్కువగా కేంద్రకంలోనే ఉంటుంది. ఒకే బొమ్మని అయిదు స్టిరాయిడ్ రిసెప్టర్లకీ అంటించడం దగ్గర తప్పు జరిగింది.

ఇక కేంద్రకం లోపలికి పోదాం. 1974లో బెరెజ్నీ, కాఫీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కేంద్రకాన్ని డిటర్జెంటుతో, డీఎన్‌ఏ కోసే ఎంజైముతో, గాఢమైన ఉప్పుతో వరసగా కడిగారు. కేంద్రకం ఆకారంలోనే ఉన్న ఒక ప్రోటీన్ వల మిగిలింది. దానికి న్యూక్లియర్ మ్యాట్రిక్స్ అని పేరు. 1980లో ఎవెలిన్ బరాక్, కాఫీ సెక్స్ హార్మోన్లకి స్పందించే కణజాలాల్లో ఆ వలకే ఈస్ట్రోజన్, ఆండ్రోజన్ రిసెప్టర్లు పట్టుకుని ఉన్నాయని చూపారు. అటు జేమ్స్ క్లార్క్ బృందం ఎలుక గర్భాశయంలో 0.4 మోలార్ పొటాషియం క్లోరైడ్‌కి లొంగేవి, లొంగనివి అని రిసెప్టర్లని రెండు జాతులుగా విడదీసి, గర్భాశయం ఎదుగుదల లొంగనివాటితోనే ముడిపడి ఉందన్నారు. వాళ్ల వాదనలో బలం లేకపోలేదు. ఎస్ట్రయోల్ అనే బలహీనమైన ఈస్ట్రోజన్ ఒక్క సూది ఇస్తే రిసెప్టర్ కేంద్రకంలో ఎక్కువసేపు నిలవదు, గర్భాశయం నిజంగా ఎదగదు. అదే ఎస్ట్రయోల్‌ని పదే పదే ఇస్తే ఎదుగుతుంది. నిలిచే సమయానికీ పనికీ లంకె ఉందన్నమాట. ఆ లంకె దగ్గర ఆగి ఉంటే బాగుండేది. “గట్టిగా అతుక్కున్నదే పనిచేస్తుంది” అన్నదాకా వెళ్లారు, దీని సంగతి తర్వాత చెబుతాను.

ఈ మ్యాట్రిక్స్ ఎలా పుడుతుందో కంటితో చూడొచ్చు. ట్రిటియం హార్మోన్ అక్కర్లేదు. దానికి అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు కావాలి, జిల్లా కాలేజీ ల్యాబులో అయ్యే పని కాదు. పొద్దున్నే కోసిన మేక కాలేయం అయిదు గ్రాములు చాలు. ఫ్రీజర్‌లో పెట్టింది పనికిరాదు, మంచు గింజలకి కేంద్రకాలు పగులుతాయి. పిత్తపు సంచి చిట్లి పసరు అంటుకున్న ముక్కా వద్దు, పైత్యరసం సబ్బులాంటిది, పొరలన్నిటినీ కరిగిస్తుంది. బఫర్‌కి 100 మిల్లీలీటర్లలో సుక్రోజ్ 8.56 గ్రాములు, మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 0.1 గ్రాము, ట్రిస్ 0.12 గ్రాము, పీహెచ్ 7.4. అన్నీ ఐసులో. కాలేయాన్ని కత్తెరతో సన్నగా తరిగి యాభై మిల్లీలీటర్ల బఫర్‌లో టెఫ్లాన్ రోకలి ఉన్న హోమోజినైజర్‌తో ఎనిమిది పది పోట్లు వెయ్యాలి. మిక్సీలో వేస్తే కేంద్రకాలే పిండైపోతాయి. నాలుగు మడతల గాజుగుడ్డలో వడకట్టి 800 జీ (భూమ్యాకర్షణకి 800 రెట్లు) దగ్గర పది నిమిషాలు తిప్పాలి. పది సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న రోటర్‌కి అది దాదాపు 2,700 ఆర్పీఎం. అడుగున ఎర్రటి గోధుమరంగు గడ్డ కడుతుంది. దాన్ని అదే బఫర్‌లో అర శాతం ట్రైటన్ ఎక్స్-100 అనే డిటర్జెంటు కలిపి ఐసు మీద పది నిమిషాలుంచి మళ్లీ తిప్పితే రంగు పోయి పాలిపోయిన గడ్డ మిగులుతుంది. ఒక చుక్క మిథిలీన్ బ్లూ వేసి మైక్రోస్కోపులో చూడండి. గుండ్రటి నీలం గింజలే కనబడాలి. వాటి చుట్టూ ఇంకా గుజ్జు కనబడితే కడుగుడు చాల్లేదు.

ఇప్పుడు ఆ గడ్డని ట్రైటన్ లేని బఫర్‌లో కలిపి నాలుగు ట్యూబుల్లో సమానంగా పొయ్యండి. మొదటిదానికి ఉత్త బఫర్. రెండోదానికి సమానంగా 0.8 మోలార్ పొటాషియం క్లోరైడ్, కలిశాక 0.4 అవుతుంది. మూడోదానికి సమానంగా 4 మోలార్ సోడియం క్లోరైడ్, 100 మిల్లీలీటర్లకి 23.4 గ్రాములు, చుక్క చుక్కగా. రెండో ట్యూబులో గింజలు గింజలుగానే ఉంటాయి. మూడో ట్యూబు చూస్తుండగానే బెండకాయ జిగురవుతుంది, పుల్ల ముంచి ఎత్తితే తీగ సాగుతుంది. డీఎన్‌ఏని చుట్టచుట్టి ఉంచిన హిస్టోన్లు ఆ ఉప్పుకి ఊడిపోయి, డీఎన్‌ఏ అంతా విచ్చుకుపోయింది. నాలుగో ట్యూబులో ముందు మిల్లీలీటరుకి 100 మైక్రోగ్రాముల లెక్కన డీఎన్‌ఏ కోసే ఎంజైము డీఎన్ఏజ్-1 వేసి గది వేడిలో అరగంట ఉంచి, తర్వాత అదే 4 మోలార్ ఉప్పు పొయ్యండి. జిగురు రాదు. తిప్పితే అడుగున తెల్లటి చిన్న గడ్డ. మ్యాట్రిక్స్ అంటే అదే. మొదటి గడ్డలోని ప్రోటీన్‌లో పదో వంతు అటూ ఇటూ ఉంటుంది.

వరస తిరగేసి జిగురైపోయాక డీఎన్ఏజ్ వేస్తే ఏమవుతుందో కూడా చూడండి. జిగురు జిగురులాగే ఉంటుంది. అంత ఉప్పులో ఆ ఎంజైము పనిచెయ్యదు. మెగ్నీషియం మర్చిపోతే ఇంకో వింత: ఉప్పు వెయ్యకముందే కేంద్రకాలు ఉబ్బి చిట్లిపోతాయి. మెగ్నీషియాన్ని పట్టేసే ఈడీటీఏ కలిపిన పాత బఫర్ సీసా పొరపాటున తీసినా అంతే.

ఇంతకన్నా లోతైన చిక్కు ఒకటుంది. కేంద్రకాల్ని కడిగే ముందు కాసేపు 37 డిగ్రీల్లో ఉంచితే, లేదా గాలికి ఆక్సీకరణం జరగనిస్తే, ప్రోటీన్ల మధ్య గంధకపు లంకెలు పడతాయి. అప్పుడు లోపలి వల దట్టంగా కనబడుతుంది. అదే తయారీలో మొదట్నుంచీ డీటీటీ అనే మందు వేసి ఆ లంకెలు పడనివ్వకపోతే లోపలి వల చాలావరకు మాయమై, అంచున లామిన్ ప్రోటీన్ల డొల్ల మాత్రం మిగులుతుంది. ఒక చెంచాడు మందు కలపడం కలపకపోవడం మీద ఉనికి ఆధారపడే నిర్మాణాన్ని ఏమనాలి? పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఏ పోగు నిలిచింది, ఏది రాలింది అన్నది పత్తితోపాటు ఆ పళ్ల సందుల్నిబట్టీ ఉంటుంది. దువ్వెన చెప్పకుండా పోగు గురించి చెబితే నేతగాడు నవ్వుతాడు.

రిసెప్టర్ లెక్కకట్టేటప్పుడు మరో రెండు బోనులున్నాయి. ప్రోటీన్లని కొరికే ఎంజైముల్ని (ప్రోటియేజుల్ని) ఆపే పీఎంఎస్ఎఫ్ అనే మందు నీళ్లలో నిలవదు. పీహెచ్ 7.5 దగ్గర గది వేడిలో రెండు గంటల లోపే సగం చస్తుంది, 8 దగ్గర గంటలోపే. పొద్దున కలిపిన బఫర్‌తో మధ్యాహ్నం పనిచేస్తే రిసెప్టర్‌ని ప్రోటియేజులు కొరుక్కు తింటుంటాయి, మనమేమో “ఉప్పుకి లొంగింది” అని రాసుకుంటాం. రెండోది ఏటీపీ, కణానికి శక్తినిచ్చే అణువు. కణాల్లో ఏటీపీ హరించుకుపోతే గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్ మ్యాట్రిక్స్‌కి మరింత గట్టిగా పట్టుకుపోతుందని 1990ల్లోనే తేలింది. దీన్నిబట్టి నా అనుమానం: కోసిన కణజాలం బల్ల మీద ఎంతసేపు పడి ఉందన్నది పాత పేపర్లలో కొన్ని అంకెల్ని మార్చే ఉంటుంది. చచ్చే కణం చేతికి దొరికినదాన్ని గట్టిగా పట్టుకుంటుంది, మనం దాన్ని జీవలక్షణమని లెక్కకట్టామేమో.

ఇలాగని మ్యాట్రిక్స్ మనుషుల్ని కొట్టిపారెయ్యడం నాకు నచ్చదు. వాళ్ల దారి తప్పి ఉండొచ్చు, వాళ్ల ప్రశ్న మాత్రం అసలైన ప్రశ్న. కోడి అండవాహికలో ప్రొజెస్టరోన్ రిసెప్టర్‌ని చదివిన థామస్ స్పెల్స్‌బర్గ్ అడిగింది ఇదీ: డీఎన్‌ఏ అన్ని కణాల్లోనూ ఒకటే, రిసెప్టర్ ఒకటే, మరి కాలేయంలో ఒక జన్యువుని, గర్భాశయంలో ఇంకో జన్యువుని ఎందుకు పట్టుకుంటుంది? డీఎన్‌ఏతోపాటు చోటు చూపించే “యాక్సెప్టర్” ప్రోటీన్లేవో ఉండాలి అన్నాడాయన.

ఈ ప్రశ్న ఎంత బలమైనదో చిన్న లెక్కతో తెలుస్తుంది. గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్ రెండు ప్రతులు జతకట్టి పదిహేను అక్షరాల గుర్తుని పట్టుకుంటాయి: ఏజీఏఏసీఏ, మధ్యలో ఏవైనా మూడు, ఆ తర్వాత టీజీటీటీసీటీ. ఈస్ట్రోజన్ రిసెప్టర్‌కి అదే పద్ధతిలో ఏజీజీటీసీఏ, మూడు, టీజీఏసీసీటీ. చదివేది రిసెప్టర్ మధ్యభాగంలోని రెండు జింకు వేళ్లు (జింకు చుట్టూ మడతపడ్డ వేళ్లలాంటి భాగాలు), ఒక్కో జింకుని నాలుగు సిస్టీన్లు పట్టి ఉంచుతాయి. అవి డీఎన్‌ఏ గాడిలో ఎలా ఒదుగుతాయో 1991లో స్ఫటికంలో కంటికి కనబడింది. పాఠం ఇక్కడ ఆగిపోతుంది: తాళం, తాళంచెవి, అయిపోయింది. కానీ మనిషి జీనోమ్ 320 కోట్ల అక్షరాలు. ఖచ్చితమైన పన్నెండు అక్షరాలు కుదిరే చోట్లు యాదృచ్ఛికంగా రెండు వందల లోపు వస్తాయి. రిసెప్టర్ అంత పట్టుదల మనిషి కాదు, ఒకటి రెండు అక్షరాలు తప్పినా సర్దుకుంటుంది. ఆరక్షరాల సగం ముక్క చాలంటే రెండు పోగులూ కలిపి పదిహేను లక్షల చోట్లు తేలతాయి. కణంలో రిసెప్టర్లు పది వేల నుంచి లక్ష దాకా. నిజంగా పట్టుకుంటున్నట్టు కనబడే చోట్లు వేల నుంచి పదివేలలో ఉంటాయి, అవి కణజాలానికో తీరుగా మారతాయి. చిరునామాలో ఇంటి నంబరు మాత్రం ఉంది, వీధి పేరు లేదు. స్పెల్స్‌బర్గ్ వెతికింది ఆ వీధి పేరు.

జవాబు మ్యాట్రిక్స్‌లో దొరకలేదు, క్రొమాటిన్ (ప్రోటీన్లతో చుట్టిన డీఎన్‌ఏ) తెరుచుకున్న తీరులో దొరికింది. డీఎన్‌ఏ 147 అక్షరాల చొప్పున హిస్టోన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. చుట్టలో దాగిన గుర్తు చాలాసార్లు రిసెప్టర్‌కి అందదు. 2011లో గోర్డన్ హేగర్ బృందం చూపినదాని ప్రకారం గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్ కొత్తగా పట్టుకునే చోట్లలో 95 శాతం దాకా హార్మోన్ రాకముందే తెరుచుకుని ఉన్నవే. ముందుగా తెరిచి ఉంచేవాళ్లలో రొమ్ము కణాల్లో పెద్దమనిషి ఫాక్స్-ఏ1 అనే ప్రోటీన్. అది లేకపోతే ఈస్ట్రోజన్ రిసెప్టర్‌కి చాలా చోట్ల పని జరగదు. అంటే రిసెప్టర్ తలుపు బద్దలుకొట్టే దొంగ కాదు, తీసి ఉన్న ఇంటికి వచ్చే చుట్టం. మిగతా కొద్ది చోట్ల తలుపు తానే తెరిపిస్తుంది, అవి వేరే పాఠం.

ఈ చోట్లు పట్టే పద్ధతికి చిప్ అని పేరు. ఇందులో కడుగుడికి బదులు కట్టుడు ఉంటుంది: కణాల మీద 1 శాతం ఫార్మాల్డిహైడ్ పది నిమిషాలు, 125 మిల్లీమోలార్ గ్లైసీన్‌తో ఆపడం, శబ్దతరంగాలతో డీఎన్‌ఏని 200 నుంచి 500 అక్షరాల ముక్కలు చెయ్యడం, యాంటీబాడీతో లాగడం. దీనికీ దాని దువ్వెన ఉంది. జన్యువులు జోరుగా నడిచే చోట్ల ఏ ప్రోటీనైనా కాస్తో కూస్తో చిక్కుతుంది, క్షణంలో వచ్చి క్షణంలో పోయేది జారిపోతుంది. ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాలతో పనిచేసే కొత్తవాళ్లు పడే గొయ్యి ఇంకా ముందే ఉంది. పెంచే ద్రవంలో ఎర్ర రంగు కోసం వేసే ఫినాల్ రెడ్ తయారీలకి ఈస్ట్రోజన్ లక్షణం ఉందని 1986లోనే తేలింది. సీరంలో ఎటూ హార్మోన్ ఉంటుంది. ఫినాల్ రెడ్ లేని ద్రవం, బొగ్గుతో హార్మోన్ పీల్చేసిన సీరం, రెండు మూడు రోజులు. ఇది చెయ్యకపోతే “హార్మోన్ లేని” ప్లేటు అనేదే మన దగ్గర లేనట్టు.

ఇప్పుడు రెండో ప్రశ్న, ఎంతసేపు? ఇక్కడ పాత బొమ్మ పూర్తిగా కూలిపోతుంది. ఎలుక కణంలో ఒక వైరస్ ప్రొమోటర్‌ని (జన్యువుని నడిపించే డీఎన్‌ఏ ముక్కని) సుమారు 200 ప్రతులు వరసగా పేర్చి, రిసెప్టర్‌కి పచ్చగా మెరిసే ప్రోటీన్ తగిలిస్తే, హార్మోన్ వేసినప్పుడు కేంద్రకంలో ఆ వరస పచ్చటి చుక్కలా వెలుగుతుంది. 2000లో మెక్‌నాలీ, హేగర్ తదితరులు ఆ చుక్కని లేజర్‌తో మాడ్చి నల్లగా చేశారు. గట్టిగా అతుక్కున్న రిసెప్టర్లయితే చుక్క నల్లగానే ఉండిపోవాలి. కొద్ది సెకన్లలోనే సగం వెలుగు తిరిగొచ్చింది. మాడిపోయినవి లేచి పోయాయి, కొత్తవి వచ్చి కూర్చున్నాయి. ఏడురోడ్ల కూడలిలో ఆటో ఆగినంతసేపు కూడా ఆగట్లేదు. అయినా జన్యువు నడుస్తూనే ఉంది, ఎందుకంటే పోయేవాళ్లెందరో వచ్చేవాళ్లూ అందరే.

మరి సెకన్లలో లేచిపోయేది కేంద్రకంలో గంటలు నిలిచిందని జెన్సెన్‌కి ఎలా కనబడింది? ఆయన కొలిచింది గుంపుని. జనం మారుతున్నా సంత సంతలాగే ఉంటుంది. హార్మోన్ రిసెప్టర్‌ని వదలనంతకాలం ఆ రిసెప్టర్ ఒక చోటునుంచి లేచి ఇంకోచోట కూర్చుంటూ కేంద్రకంలోనే తిరుగుతుంది. ఎస్ట్రయోల్ త్వరగా వదిలేస్తుంది, సంత త్వరగా చెదిరిపోతుంది. క్లార్క్ లంకె ఇలా చూస్తే చక్కగా అతుకుతుంది, ఉప్పుకి లొంగని ప్రత్యేక జాతి అవసరం లేకుండా. ఒంట్లో సహజమైన కార్టిసాల్ దాదాపు గంటకోసారి అలలా వస్తుంది. 2009లో చూసినప్పుడు ఆ అలతోపాటు జన్యువులు కూడా లేచి పడుతున్నాయి. డెక్సామెథసోన్ అలా దిగదు, రిసెప్టర్‌ని పట్టుకుని కూర్చుంటుంది. మందుల షాపులో రెండింటినీ “స్టిరాయిడే కదా” అని ఒకే గాటన కడతారు. కేంద్రకం లోపల అవి ఒకటి కావు.

“గట్టిగా అతుక్కున్నదే పనిచేస్తుంది” అన్న మాట దగ్గరికి ఇప్పుడు వస్తాను. దానికి ఎదురు సాక్ష్యం రొమ్ము క్యాన్సర్ వార్డులో ఉంది. ఫుల్వెస్ట్రాంట్ అనే మందుని 500 మిల్లీగ్రాములు, 250 చొప్పున రెండు సూదులుగా, రెండు పిరుదులకీ నిదానంగా ఇస్తారు. మొదటి రోజు, పదిహేనో రోజు, ఇరవైతొమ్మిదో రోజు, ఆపైన నెలకోసారి. ఈ మందు తగిలిన ఈస్ట్రోజన్ రిసెప్టర్ ఏమవుతుందో 2001లో అదే లేజర్ పద్ధతితో చూశారు. ఎస్ట్రడయోల్‌తో చకచకా తిరిగే రిసెప్టర్ ఈ మందుతో కదలకుండా బిగుసుకుపోయింది. కడిగినా రాదు. క్లార్క్ లెక్కలో అది అన్నిటికన్నా చురుకైన రిసెప్టర్ కావాలి. నిజానికి దాని నోరు మూతపడింది, కాసేపట్లో కణంలో ప్రోటీన్లని నరికే ప్రోటియాజోమ్‌లో పడి ముక్కలవుతుంది. తిరిగే ఈస్ట్రోజన్ రిసెప్టర్ పనిచేస్తుంది, బిగుసుకున్నది చస్తుంది. ఉప్పుకి లొంగకపోవడం చురుకుదనానికి కొలబద్ద అన్న మాట ఈ ఒక్క సాక్ష్యంతో కొట్టుకుపోయింది. అయినా పాత పుస్తకాల్నుంచి కొత్త నోట్సుల్లోకి ఇంకా ఎక్కుతూనే ఉంది.

పాఠం చెప్పేవాళ్లని నేను అడిగేది పెద్ద మార్పేమీ కాదు. “రిసెప్టర్ డీఎన్‌ఏ మీద కూర్చుంటుంది” అని రాయించే ముందు పక్కన మూడు గళ్లు గీయించండి: దేనితో కడిగారు లేదా కట్టారు, ఎన్ని చోట్ల, ఎన్ని సెకన్లు. మూడూ నిండకపోతే ఆ వాక్యానికి మార్కులు వెయ్యకండి.

ఈ గొడవ ల్యాబు దాటి ఊళ్లోకి వచ్చే చోటు ఒకటుంది, అది కోసిన ముక్కని కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ డబ్బా. రొమ్ము గడ్డ ముక్క మీద ఈఆర్ (ఈస్ట్రోజన్ రిసెప్టర్) పరీక్ష చేసినప్పుడు లెక్కలోకి తీసుకునేది గోధుమరంగెక్కిన కేంద్రకాల్నే. సైటోప్లాజం రంగుని లెక్కపెట్టరు. ముట్లుడిగి ఈస్ట్రోజన్ అడుగంటిన ఆడవాళ్లలో కూడా ఈ లెక్క చెల్లడానికి కారణం 1984 నాటి ఆ రెండు పేపర్లే: హార్మోన్ లేకున్నా రిసెప్టర్ కేంద్రకంలోనే ఉంటుంది. నూటికి ఒక్క కేంద్రకం రంగెక్కినా పాజిటివే, ఒకటి నుంచి పది శాతం దాకా ఉంటే “లో పాజిటివ్” అని విడిగా రాస్తారు. పాజిటివ్ అయితే రోజుకి 20 మిల్లీగ్రాముల టామాక్సిఫెన్ లాంటి మందుకి దారి తెరుచుకుంటుంది. నెగటివ్ అని పడితే ఆ దారి మూసుకుపోతుంది.

శ్రీకాకుళంలోనో పార్వతీపురంలోనో కోసిన ముక్క ఈ పరీక్షకి విశాఖ వెళ్లాల్సి వస్తే వంద కిలోమీటర్ల పైమాటే. ముక్కని చెడగొట్టేది దారి దూరం కన్నా, బయల్దేరేముందు దాన్ని ఎలా ఉంచారన్నదే. కోసిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి. సెలైన్‌లో వేసి పంపితే కేంద్రకంలోని ప్రోటీన్ కుళ్లుతూ వెళ్తుంది. ఫార్మలిన్ గంటకి ఒక మిల్లీమీటరు చొప్పునే లోపలికి దిగుతుంది, కాబట్టి నిమ్మకాయంత గడ్డని అలాగే వదిలేస్తే పైన ఉడికి లోపల పచ్చిగా ఉంటుంది. అయిదు మిల్లీమీటర్ల పలకలుగా కొయ్యాలి, ముక్కకి పదింతల ద్రవం పొయ్యాలి. ఆ ద్రవం బఫర్ కలిపినదై ఉండాలి: సీసా ఫార్మాల్డిహైడ్ 100 మిల్లీలీటర్లు, నీళ్లు 900, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నీరు లేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. బఫర్ లేని ఫార్మలిన్ నిల్వ ఉంటే ఫార్మిక్ ఆమ్లమై ముక్క మీద నల్లటి గోధుమ మచ్చలు వేస్తుంది, వాటిని రంగెక్కిన కేంద్రకాలని పొరబడే ప్రమాదమూ ఉంది. ఫార్మలిన్‌లో ఉండాల్సింది ఆరు గంటలకి తక్కువ కాకుండా, డెబ్బై రెండు దాటకుండా. శనివారం సాయంత్రం కోసిన ముక్క పండగ సెలవులు కలిసొచ్చి బుధవారం చేరితే ఆ గడువు దాటిపోయినట్టే.

అందుకే డబ్బాతో పంపే స్లిప్పు మీద రెండు టైములు రాయాలి, గడ్డకి రక్తం ఆగినది, ఫార్మలిన్‌లో పడినది. అక్కడ రంగు వేసేవాళ్లు ముక్కలోని మామూలు పాలగ్రంథి కణాల్నే ముందు చూస్తారు. వాటికీ రంగెక్కకపోతే గడ్డ నెగటివ్ అని రాయకుండా ఇంకో ముక్క అడుగుతారు. మామూలు కణాలే లేని ముక్క అయితే వాళ్లకి మిగిలేది ఆ రెండు టైములే.